పిల్లల వేళ్ళకు ఒక విద్య

(మన సొసైటీ వార్షిక సమావేశంలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. చదువు అనేది పెద్ద సముద్రం. అందులోంచి నేను ఒక చెంబెడు నీళ్ళు మాత్రమే ముంచుకుంటాను. కీబోర్డు వైపు చూడకుండా, అన్ని వేళ్ళతో టైపు చెయ్యడం పిల్లలకు ఎలా అలవాటు చెయ్యాలి, అందులో తల్లిదండ్రులుగా మన పాత్ర ఏమిటి - ఇంతవరకే నా ప్రసంగం.

"ఇదొక విషయమా? మా వాడు ఫోన్ మీద రెండు బొటనవేళ్ళతో టకటకా కొట్టేస్తాడు" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. నిజమే, కొడతాడు. "వస్తున్నా", "తిన్నావా" అని కొట్టడానికి ఆ వేళ్ళు చాలు. కాని రెండు పేజీల వ్యాసం, ఒక దరఖాస్తు, ఒక ఉద్యోగపు లెక్కల పట్టీ - ఇవి బొటనవేళ్ళతో అయ్యే పనులు కావు. పరీక్ష హాలులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టినప్పుడు అక్కడ ఫోన్ ఉండదు.

మన పేరు మనమే కొట్టుకోవాలి

మనందరికీ అనుభవమైన సంగతి ఒకటి చెబుతాను. మన ఇళ్ళలో మొహమ్మద్ అనే పేరు ఎన్ని రకాలుగా ఉందో చూడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎం తర్వాత ఓ ఉంటుంది. ఆధార్‌లో ఎం తర్వాత యు ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో చివర డి ముందు ఎ బదులు ఇ ఉంటుంది. ఇంకొక చోట ఇవేవీ లేకుండా ఎం, డి అని రెండే అక్షరాలు ఉంటాయి. ఖాదర్ అన్న పేరు ఒకచోట కె తో మొదలైతే, మరొకచోట క్యూ తో మొదలవుతుంది. మనిషి ఒక్కడే, కాగితాల మీద నలుగురు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో పేరు ఒకటి, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటి అయితే ఆ డబ్బు మధ్యలో ఆగిపోతుంది. ఆ తర్వాత తండ్రి కూలి మానుకొని, ఒక్క అక్షరం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ తప్పులన్నీ ఎవరో కావాలని చేసినవి కావు. మనం పక్కన నిలబడి నోటితో పేరు చెబుతాం. కొట్టే అతను తనకు వినపడినట్లు కొడతాడు. ఆయన వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉంటారు. తెర మీద ఏముందో చదివి చూసుకునే అలవాటు మనకు లేదు, ఆ తీరిక ఆయనకు లేదు. ఇంట్లో ఒక్క పిల్ల అయినా కీబోర్డు ముందు కూర్చొని, సర్టిఫికెట్ పక్కన పెట్టుకొని, కళ్ళు కాగితం మీదా తెర మీదా ఉంచి, చేతుల వైపు చూడకుండా కొట్టగలిగితే, ఆ తప్పు పడిన చోటే పట్టుబడుతుంది.

చూడకుండా టైపు చెయ్యడంలోని అసలు లాభం ఇదే. వేగం రెండవది. చేతుల వైపు చూసేవాడి కళ్ళు కాగితం నుంచి కీబోర్డుకు, కీబోర్డు నుంచి తెరకు తిరుగుతూనే ఉంటాయి. ఆ తిరుగుడులోనే ఒక అక్షరం జారిపోతుంది. చేతుల వైపు చూడనివాడి కళ్ళు ఖాళీగా ఉంటాయి, మనసు ఖాళీగా ఉంటుంది. ఏం రాస్తున్నామన్న దాని మీద ఆలోచన నిలుస్తుంది.

ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో మిల్వాకీ నగరానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్ 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందాడు. 1874 నుంచి రెమింగ్టన్ కంపెనీ ఆ మిషన్లను అమ్మింది. అందులో అన్నీ పెద్ద బడి అక్షరాలే. చిన్న అక్షరాలు కూడా కొట్టగలిగే షిఫ్టు మీట 1878లో వచ్చింది. అక్షరాలు ఎ, బి, సి, డి వరుసలో ఎందుకు లేవని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దానికి కారణం ఏమిటన్న దాని మీద పండితులే ఇంకా వాదించుకుంటున్నారు. మీరు మాత్రం పిల్లలకు ఒక తమాషా చెప్పండి: ఇంగ్లీషులో టైప్‌రైటర్ అనే మాటకు కావలసిన అక్షరాలన్నీ పై వరుసలోనే ఉన్నాయి. వెతకమనండి. ఆ వెతుకులాటలోనే సగం వరుస వచ్చేస్తుంది.

మిషను వచ్చిన చాలా ఏళ్ళ వరకు అందరూ మీటలు చూసే కొట్టేవారు. 1888 జూలై 25న సిన్సినాటి నగరంలో ఒక పందెం జరిగింది. ఒకవైపు లూయిస్ ట్రాబ్, మీటలు చూస్తూ కొట్టేవాడు. మరొకవైపు ఫ్రాంక్ మెక్‌గురిన్, కోర్టులో పనిచేసేవాడు, మీటల వైపు చూడకుండా అన్ని వేళ్ళతో కొట్టేవాడు. మెక్‌గురిన్ సులువుగా గెలిచాడు. చూడకుండా కొట్టే పద్ధతికి పేరు రావడం అక్కడి నుంచే.

మన దేశంలో గోద్రెజ్ వారు 1955లో టైపు మిషన్లు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు మన ఊళ్ళలో బస్టాండు దగ్గరో, బజారులో మేడ మీదో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే పిల్లలు అక్కడ చేరేవారు. లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45 మాటలు కొట్టాలి. మాట అంటే ఐదు దెబ్బలని లెక్క. ఆ కాగితం ముక్కతో గుమాస్తా ఉద్యోగం దొరికి, కుటుంబాన్ని ఒడ్డున పడేసినవారు మన సభలోనే ఉన్నారు. వారికి మొదటిరోజు కొట్టిన వరుస ఇప్పటికీ జ్ఞాపకం ఉంటుంది: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, ఆ తర్వాత కుడిచేతి వరుస. మిషన్లు పోయాయి, ఇన్‌స్టిట్యూట్లు చాలావరకు మూతపడ్డాయి. కాని ఆ వరుస మాత్రం ఈనాటి కీబోర్డు మీద అక్షరం మారకుండా అలాగే ఉంది. కనుక పెద్దలారా, మీ దగ్గర ఉన్న విద్య పాతబడలేదు.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

మొదటిది వయసు. చెయ్యి కాస్త పెరగాలి. ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లల వేళ్ళు నడిమి వరుస మీద ఇబ్బంది లేకుండా ఆనుతాయి. అంతకంటే చిన్నవాళ్ళను అక్షరాలు వెతుక్కుంటూ ఆడుకోనివ్వండి, చాలు.

రెండవది కూర్చోవడం. మన ఇళ్ళలో చాప మీద కూర్చొని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటారు. దానితో నడుము వంగుతుంది, మణికట్టు మడతపడుతుంది. కుర్చీ బల్ల ఉంటే మంచిది. కాళ్ళు నేలకు అందకపోతే కింద ఒక పీట వెయ్యండి. కుర్చీ లేకపోతే వెడల్పాటి ఎత్తు పీట మీద కీబోర్డు పెట్టండి. మోచేయి, కీబోర్డు సుమారు ఒకే ఎత్తులో ఉండాలి. తెర కళ్ళకు ఎదురుగా ఉండాలి.

మూడవది వేళ్ళ స్థానం. ఎఫ్ మీట మీద, జె మీట మీద చిన్న గీతలాంటి ఉబ్బు ఉంటుంది. చూపుడు వేళ్ళు ఆ రెండింటి మీద ఆనించాలి. ఎడమచేతి వేళ్ళు ఎ, ఎస్, డి, ఎఫ్ మీద. కుడిచేతి వేళ్ళు జె, కె, ఎల్, సెమీకోలన్ మీద. బొటనవేలు స్పేస్ మీట మీద. అరచేతిలో నిమ్మకాయ పట్టుకున్నట్టు వేళ్ళు కొంచెం వంగి ఉండాలి. ప్రతి వేలికీ ఆ మీటే ఇల్లు. పై వరుసకు వెళ్ళినా, కింది వరుసకు వెళ్ళినా పని చూసుకొని తిరిగి తన ఇంటికి రావాలి. పెద్ద అక్షరం కావాలంటే రెండవ చేతి చిటికెన వేలు షిఫ్టు నొక్కాలి.

నాలుగవది చూడకపోవడం. "చూడకు, చూడకు" అని అరిస్తే పిల్లవాడు ఇంకా ఎక్కువ చూస్తాడు. అరవనక్కరలేదు. చేతుల మీద ఒక పలుచని గుడ్డ, పాత దుపట్టా వెయ్యండి. కీబోర్డు బొమ్మ ఒకటి కాగితం మీద గీసి, తెర పక్కన అంటించండి. మరచిపోతే ఆ బొమ్మ చూడవచ్చు, చేతులను మాత్రం చూడకూడదు. ఆ బొమ్మను పిల్లల చేతే గీయించండి. గీసిన చెయ్యి తొందరగా మరచిపోదు.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. మన తల్లులు కుట్టు మిషను తొక్కేటప్పుడు కాళ్ళ వైపు చూస్తారా? జరీ పని చేసే చెయ్యి బట్ట అడుగున దారాన్ని కంటితో వెతుకుతుందా? బీడీలు చుట్టే నానీ మనతో కబుర్లు చెబుతూనే కట్ట పూర్తి చేస్తుంది. వేళ్ళకు కళ్ళుంటాయని మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఐదవది తొందరపడకపోవడం. మొదటి వారం నడిమి వరుస ఒక్కటే. ఆ తర్వాత రోజుకు రెండు కొత్త అక్షరాలు మించకూడదు. తప్పులు లేకుండా కొట్టడం ముందు, వేగం తర్వాత. నూటికి తొంభై అయిదు సరిగ్గా పడకపోతే నిదానించమని చెప్పండి. పాత మిషను మీద తప్పు కొడితే అది కాగితం మీద అలాగే నిలిచి వెక్కిరించేది. ఇప్పుడు చెరిపేసే మీట ఉంది కనుక పిల్లలు తప్పు కొట్టడం, చెరపడం - రెండూ కలిపి ఒక అలవాటుగా నేర్చుకుంటారు. నేర్చుకునే రోజుల్లో ఆ మీటను ముట్టుకోకుండా ఒక పంక్తి పూర్తి చేయించి, తప్పులు తర్వాత లెక్కపెట్టించండి.

రోజుకు ఎంతసేపు?

ఇది అన్నిటికంటే ముఖ్యం. బ్రిటన్ తపాలా శాఖవారు తమ ఉద్యోగులకు టైపు నేర్పవలసి వచ్చినప్పుడు బాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వారిని నాలుగు జట్లుగా విడదీసి పరీక్షించారు. 1978లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు ఒక్క గంట నేర్చుకున్న జట్టుకు కీబోర్డు పట్టుబడడానికి మొత్తం మీద సుమారు 35 గంటలు పట్టింది. రోజుకు రెండేసి గంటలు రెండుసార్లు, అంటే నాలుగు గంటలు కూర్చున్న జట్టుకు సుమారు 50 గంటలు పట్టింది. ఎక్కువసేపు కూర్చున్నవారికే ఎక్కువ గంటలు ఖర్చయ్యాయన్నమాట. ఇంకొక విచిత్రం కూడా ఉంది. రోజుకు గంట నేర్చుకున్నవారే తమ పద్ధతి పట్ల అందరికంటే తక్కువ సంతృప్తి చూపారు. రోజుల లెక్కన వెనకబడినట్లు వారికి అనిపించింది మరి.

మనకు ఇది కొత్త విషయం కాదు. మదరసాలో ఉస్తాదు పిల్లవాడికి రోజుకు కొంచెమే సబఖ్ ఇస్తారు. నిన్నటిది అప్పజెప్పాకే ఈనాటిది. ఆదివారం ఒక్కరోజే వారం పాఠమంతా చెప్పిస్తామంటే ఏ ఉస్తాదూ ఒప్పుకోరు. టైపు కూడా అంతే. చిన్నపిల్లలకు రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. వారానికి ఆరు రోజులు. ఇలా మూడు నాలుగు నెలలు గడిస్తే వేళ్ళకు దారి తెలుస్తుంది. సెలవుల్లో రోజుకు మూడు గంటలు కూర్చోబెట్టి, బడి తెరవగానే వదిలేస్తే రెండూ దండగే.

ఇంకొక హెచ్చరిక. రెండు వేళ్ళతో కొట్టే అలవాటు ముందే ఉన్న పిల్లవాడు ఈ పద్ధతిలోకి వచ్చిన మొదటి నెలలో తన పాత వేగం కంటే వెనకబడతాడు. "అబ్బా, నాకు పాత పద్ధతే బాగుంది" అంటాడు. అక్కడే చాలామంది మానేస్తారు. ఇలా జరుగుతుందని తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉండాలి, పిల్లవాడికీ చెప్పి ఉంచాలి. ఆ నెల రోజులు బడిపనిని చేత్తో రాయనివ్వండి. రేపటికి ఇవ్వవలసిన పనిని కొత్త వేళ్ళతో కొట్టమంటే పాత వేళ్ళే ముందుకు వస్తాయి.

"ఫలానా వాళ్ళమ్మాయి నలభై కొడుతోంది, నువ్వింకా పదిహేను దగ్గరే ఉన్నావు" అన్నమాట మాత్రం దయచేసి ఇంట్లో వినపడనివ్వకండి. పోల్చవలసింది నిన్నటి తన లెక్కతోనే. తేదీ, వేగం, తప్పులు - ఈ మూడు గడులతో ఒక నోటు పుస్తకం పెట్టించండి. పిల్లలే తమ లెక్క తాము చూసుకొని మురిసిపోతారు.

ఎడమచేతి వాటం పిల్లల గురించి ఒక తల్లి నన్ను అడిగారు. అమ్మా, మీ బాబుకు ఇక్కడ ఏ లోటూ లేదు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరింటిలో పదిహేను ఎడమచేతి కిందే ఉన్నాయి. అలాగే చూపు తక్కువగా ఉన్న పిల్లలకు ఈ విద్య మిగతావారికంటే ఎక్కువ అవసరం. తెర మీది మాటలను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మీటలు చూడకుండా కొట్టగల పిల్లవాడు దాని సాయంతో తన చదువు తానే చదువుకోగలడు.

ఏం కొట్టించాలి? దేని మీద?

అక్షరాల అభ్యాసం తర్వాత అర్థంలేని వరుసలే కొట్టిస్తే పిల్లలకు విసుగు పుడుతుంది. ముందు తన పేరు, సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. తర్వాత తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటి చిరునామా. తర్వాత నానీ చెప్పే ఖుర్బానీ కా మీఠా తయారీ, దాదా చిన్ననాటి కబురు, ఊళ్ళో ఉన్న ఫూఫీకి ఒక ఉత్తరం. పెద్దవాళ్ళు చెబుతూ ఉంటే పిల్లవాడు కొట్టడం చాలా మంచి అభ్యాసం. ఇద్దరికీ కాసేపు కాలక్షేపం.

ఇంగ్లీషులో చెయ్యి కుదిరాక తెలుగు మొదలుపెట్టవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వ ప్రమాణ కీబోర్డు కంప్యూటర్లలో ఉంటుంది. అందులో గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువ భాగం కుడిచేతికి వస్తాయి. కె మీట మీద క, షిఫ్టుతో ఖ. ఐ మీట మీద గ, షిఫ్టుతో ఘ. డి మీట మీద పొల్లు. క, పొల్లు, క కొడితే క్క అవుతుంది. బడిలో నేర్చిన అక్షరమాలే కనుక దీని లెక్క పిల్లలకు తొందరగా అర్థమవుతుంది. ఉర్దూ చదివే పిల్లలు ఉర్దూ కూడా నేర్చుకోవచ్చు. తెర మీద రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, వేళ్ళ ఇల్లు మాత్రం మారదు.

కంప్యూటర్ లేనివారి సంగతేమిటంటారా? కొన్ని వందల రూపాయలకు మామూలు కీబోర్డు దొరుకుతుంది. ఓ.టి.జి. అనే చిన్న ముక్కతో దాన్ని చాలావరకు ఇంట్లో ఉన్న ఫోన్‌కే తగిలించవచ్చు. టక్స్ టైపింగ్, జీకాంప్రీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్ మీద పిల్లలకు ఆటలా నేర్పుతాయి. అదీ లేనప్పుడు పాఠ్యపుస్తకమే అభ్యాస పుస్తకం.

రెండు అనుమానాలు

"మాట్లాడితే యంత్రమే రాసేస్తోంది కదా, ఇంకా టైపు దేనికి?" అని యువకులు అడుగుతారు. రాస్తోంది, కాదనను. కాని మన పేర్లు, ఊళ్ళ పేర్లు అది తనకు తోచినట్టు రాస్తుంది. దిద్దాలంటే మళ్ళీ వేళ్ళే కావాలి. పరీక్ష హాలులో గట్టిగా చెప్పి రాయించడం కుదరదు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారి గుమాస్తా ఉద్యోగాల టైపు పరీక్షలో ఇంగ్లీషుకు నిమిషానికి 35 మాటలు అడుగుతారు. పై చదువులకు విదేశం వెళ్ళాలనుకునేవారు టోఫెల్‌లో తమ జవాబులు టైపు చేసే రాయాలి.

"టైపు వస్తే ఉద్యోగం వచ్చేస్తుందా?" అన్నది రెండవ ప్రశ్న. రాదు. ఆ రోజులు పోయాయి, ఆ ఆశ నేను పెట్టను. టైపు ఒక్కటే అన్నం పెట్టదు. చేసే పని ఏదైనా దానికి ఆసరా అవుతుంది. ముఖ్యంగా మన ఆడపిల్లలకు ఒక మాట. "ఇంట్లో కూర్చొని టైపు చెయ్యండి, నెలకు ఇన్ని వేలు ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టండి" అన్న ప్రకటనలు వస్తుంటాయి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గాని, ముందు మన దగ్గర పుచ్చుకోడు. అలాంటివారికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

చివరగా సొసైటీకి నా మనవి. మన హాలు సాయంత్రం వేళ చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. నాలుగైదు పాత కంప్యూటర్లు సమకూర్చితే, పిల్లలు వంతులవారీగా ఇరవై నిమిషాల చొప్పున నేర్చుకోవచ్చు. ఆడపిల్లలకు వేరే వేళ కేటాయిస్తే తల్లులు నిశ్చింతగా పంపుతారు. ఇన్‌స్టిట్యూట్లో నేర్చుకున్న పెద్దలు వారానికి ఒక గంట ఇస్తే చాలు. ఏడాది తిరిగేసరికి సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులన్నీ మన పిల్లలే కొట్టాలి, అచ్చయ్యేముందు ఒకరిది ఒకరు చదివి సరిచూసుకోవాలి. వచ్చే సమావేశంలో కార్యదర్శిగారు లెక్కలు చదివేటప్పుడు, పేరులో తప్పు వల్ల వెనక్కి వచ్చిన దరఖాస్తులు ఎన్ని అన్న ఒక్క అంకె కూడా చదవాలని కోరుతున్నాను. అది సున్నా అయిన రోజు మనం నేర్పిన విద్య పనికొచ్చినట్టు.